బ్యాటరీతో నడిచే వోల్టేజీ పెట్టె: ఏ రెగ్యులేటర్ ఎవరికి సరిపోతుంది

కరెంటు పోయిన నాలుగు గంటలూ ఇంట్లో ఇంటర్నెట్ రౌటర్ ఆగకూడదు. వేరుశనగ చేలో అడవి పందుల కాపలాకు వెళ్లిన రాత్రి ఎల్‌ఈడీ దీపం వెలగాలి, ఫోను ఛార్జింగ్ ఎక్కాలి. మరమ్మతు బల్ల మీదికి వచ్చిన పాత రేడియోకు మూడు వోల్టులో, ఆరో, తొమ్మిదో ఇచ్చి చూడాలి. అనంతపురం జిల్లాలో ఎలక్ట్రానిక్స్ మీద కొంచెం చెయ్యి తిరిగిన ప్రతి ఒక్కరికీ ఎప్పుడో ఒకప్పుడు ఈ అవసరాలన్నీ ఒకే పెట్టెతో తీరితే బాగుండునన్న ఆలోచన వస్తుంది. లిథియం సెల్స్ కొన్ని, వాటి వోల్టేజీని మనకు కావలసినంతకు మార్చి ఇచ్చే రెగ్యులేటర్ ఒకటి, ముందు భాగంలో తిప్పుకునే నాబ్ ఒకటి ఉంటే అటువంటి పెట్టె ఇంట్లోనే తయారవుతుంది. అయితే బజారులో ఒకదానికొకటి పోలిన చిన్న చిన్న బోర్డులు ఇరవై రకాలు ఉన్నాయి, ప్రతిదాని మీదా మూడు ఆంపియర్లని, నాలుగు ఆంపియర్లని, తొంభై ఆరు శాతం దక్షత (తీసుకున్న శక్తిలో బయటికి ఇచ్చే భాగం) అని రాసి ఉంటుంది. వాటిలో ఏది ఏ పనికి నిలబడుతుందో, ఏది మన ఎండల్లో చేతులెత్తేస్తుందో ఇక్కడ పోల్చి చెబుతాను.

ఇటువంటి పెట్టెల కోసం వెతికితే కనిపించే పథకాల్లో చాలా భాగం విదేశాల్లో ఎలక్ట్రానిక్ సిగరెట్ల కోసం చేసినవి. మన దేశంలో 2019లో వచ్చిన చట్టం వాటి తయారీని, దిగుమతిని, అమ్మకాన్ని, నిల్వను కూడా నిషేధించింది కనుక ఆ ప్రయోజనం ఇక్కడ చర్చకు రాదు. ఆ పథకాలను మరో పనికి వాడుకుందామనుకునే వారికి మాత్రం ఒక మాట చెప్పాలి. అవి కొద్ది సెకన్లపాటు తీగచుట్టను వేడిచేసి ఆగిపోయేలా రూపొందినవి. రౌటర్, దీపం, రేడియో గంటల తరబడి ఆగకుండా కరెంటు తీసుకుంటాయి. మూడు సెకన్లలో వేడెక్కే వ్యవధి లేని బోర్డు మూడు గంటల్లో కాలిపోవచ్చు. అందువల్ల ఆ పథకాలను ఉన్నవున్నట్టుగా అనుసరించకూడదు.

ముందు సెల్స్ లెక్క, తరువాతే రెగ్యులేటర్

చాలామంది ముందుగా రెగ్యులేటర్ బోర్డు కొంటారు, ఆ తరువాత దానికి బ్యాటరీ వెతుకుతారు. ఈ క్రమాన్ని తిరగవేస్తే సగం చిక్కులు తొలగిపోతాయి. బ్యాటరీ వోల్టేజీ మనకు కావలసిన వోల్టేజీ కంటే ఎప్పుడూ ఎక్కువగా ఉంటుందా, ఎప్పుడూ తక్కువగా ఉంటుందా, లేక నిండినప్పుడు ఎక్కువగా, అయిపోతున్నప్పుడు తక్కువగా మారుతుందా అన్న ఒక్క ప్రశ్నకు సమాధానం తెలిస్తే ఏ జాతి రెగ్యులేటర్ కావాలో దాదాపుగా తేలిపోతుంది.

సామాన్యంగా వాడే 18650 సెల్ పద్దెనిమిది మిల్లీమీటర్ల వ్యాసంతో, అరవై ఐదు మిల్లీమీటర్ల పొడవుతో ఉంటుంది. పేరుకు 3.6 లేదా 3.7 వోల్టుల సెల్ అంటాం గాని, పూర్తిగా నిండినప్పుడు అది 4.2 వోల్టుల దగ్గర ఉండి, వాడేకొద్దీ దిగి, 3 వోల్టుల దగ్గర వాడకం ఆపవలసిన స్థితికి వస్తుంది. కాబట్టి ఒక్క సెల్ వోల్టేజీ 3 నుంచి 4.2 వరకు, వరుసగా కలిపిన రెండు సెల్స్ వోల్టేజీ 6 నుంచి 8.4 వరకు, మూడింటిది 9 నుంచి 12.6 వరకు, నాలుగింటిది 12 నుంచి 16.8 వరకు మారుతుంది. రౌటర్ కోసం 12 వోల్టులు కావాలనుకున్న వ్యక్తి మూడు సెల్స్ సరిపోతాయని భావించడం నేను చాలాసార్లు చూశాను. మూడు సెల్స్ నిండుగా ఉన్న కొద్దిసేపు మాత్రమే 12 పైన ఉంటాయి, తరువాత అంతా 12 కిందే. అంటే ఆ అమరికకు వోల్టేజీని పెంచడమూ తగ్గించడమూ రెండూ చేయగల ఖరీదైన రెగ్యులేటర్ కావాలి. అదే ధరలో మరొక సెల్ కొని వరుసలో చేరిస్తే కేవలం తగ్గించే రెగ్యులేటర్‌తో పని నడుస్తుంది. ఈ వ్యాసంలో నేను బలంగా చెప్పదలచుకున్నది ఇదే: పెంచే రెగ్యులేటర్ కోసం డబ్బు పెట్టడానికి ముందు, వరుసలో ఒక సెల్ పెంచితే ఆ అవసరం పోతుందేమో చూడండి.

పల్లెల్లో ఉన్నవారికి మరో ఆధారం చేతిలోనే ఉంది. మందు కొట్టే ఛార్జింగ్ స్ప్రేయర్‌లో సాధారణంగా 12 వోల్టులు, 8 ఆంపియర్ అవర్ సామర్థ్యం గల సీసం బ్యాటరీ ఉంటుంది. పంట సీజన్ అయిపోయాక దానిని అటక మీద పెట్టేస్తే, ఛార్జింగ్ లేక లోపలి పలకలు గట్టిపడి మరుసటి ఏడాదికి అది పనికిరాకుండా పోతుంది. ఆ బ్యాటరీకి ఒక చిన్న తగ్గించే రెగ్యులేటర్ తగిలించి 5, 6, 9 వోల్టులకు వాడుకుంటూ, తరచుగా ఛార్జింగ్ పెడుతూ ఉంటే రెండు పనులూ జరుగుతాయి. అయితే 10.5 వోల్టుల కంటే కిందికి దిగనివ్వకూడదు. సీసం బ్యాటరీని పూర్తిగా పిండితే దాని ఆయుష్షు త్వరగా తరిగిపోతుంది.

లీనియర్ రెగ్యులేటర్: నిశ్శబ్దంగా పనిచేస్తుంది, కాని వేడెక్కుతుంది

ఎల్‌ఎమ్ 317 అనే మూడు కాళ్ల రెగ్యులేటర్ 1970ల నాటిది. దానిని నేటికీ ప్రతి ఎలక్ట్రానిక్స్ దుకాణంలోనూ అమ్ముతున్నారంటే అది ఎంత నమ్మకమైనదో అర్థమవుతుంది. రెండు రెసిస్టర్లతో 1.25 వోల్టుల నుంచి 37 వోల్టుల వరకు ఎంత కావాలంటే అంత స్థిరంగా ఇస్తుంది, 1.5 ఆంపియర్ల వరకు మోయగలదు, షార్ట్ అయితే తనను తాను కాపాడుకుంటుంది. నేర్చుకునేవారు మొదట దీనితోనే మొదలుపెట్టాలని నా అభిప్రాయం.

ఇది పనిచేసే తీరు మాత్రం ముఖ్యంగా గుర్తుంచుకోవాలి. లీనియర్ రెగ్యులేటర్ మిగులు వోల్టేజీని వేడిగా మార్చి వదిలేస్తుంది. ఎంత కరెంటు బయటికి వెళ్తుందో అంత కరెంటూ బ్యాటరీ నుంచి తీసుకుంటుంది. నాలుగు సెల్స్ వరుస సగటున 14.4 వోల్టుల దగ్గర ఉన్నప్పుడు 5 వోల్టుల దగ్గర ఒక ఆంపియర్ తీసుకుంటే, ఉపయోగపడేది 5 వాట్లు, వేడిగా పోయేది 9.4 వాట్లు. దక్షత ముప్పై ఐదు శాతానికి మించదు. 2600 మిల్లీ ఆంపియర్ అవర్ సెల్స్ నాలుగు ఉన్న పెట్టె ఆ పనిని రెండున్నర గంటలు చేసి ఆగిపోతుంది. అవే సెల్స్‌తో స్విచ్చింగ్ రెగ్యులేటర్ దాదాపు ఆరు గంటలు నడిపిస్తుంది.

మన ప్రాంతానికి ఇంకొక లెక్క ఉంది. హీట్ సింక్ (వేడిని గాలిలోకి పంపే లోహపు పలక) లేకుండా నిలబెట్టిన ఎల్‌ఎమ్ 317 లోపలి భాగం ఒక్కో వాట్‌కు సుమారు 50 డిగ్రీలు వేడెక్కుతుంది, లోపలి ఉష్ణోగ్రత 125 డిగ్రీలు దాటకూడదు. చుట్టూ ఉన్న గాలి 25 డిగ్రీలుంటే రెండు వాట్ల వరకు అది తట్టుకుంటుంది. మన ఊళ్లలో ఏప్రిల్, మే నెలల్లో గాలి 42 డిగ్రీలకు చేరినప్పుడు ఆ హద్దు 1.66 వాట్లకు పడిపోతుంది, అంటే పై ఉదాహరణలో సుమారు 175 మిల్లీ ఆంపియర్ల దగ్గరే ఆగాలి. రేకుల షెడ్డులో, మూత వేసిన ప్లాస్టిక్ డబ్బాలో ఉంచితే ఇంకా తగ్గుతుంది. పుస్తకాల్లో రాసిన లెక్కలు సాధారణంగా 25 డిగ్రీల గది కోసం రాసినవి. అనంతపురంలో, కడపలో, కర్నూలులో పెట్టెను కట్టేవారు ఏ బోర్డు మీద రాసిన అంకెనైనా వేసవికి తగినట్టు తగ్గించి చదువుకోవాలి.

ఇంత చెప్పినా లీనియర్‌ను పూర్తిగా పక్కన పెట్టకూడదు. దాని దక్షత అంటే బయటి వోల్టేజీని లోపలి వోల్టేజీతో భాగించగా వచ్చేదే. లోపల 14.4, బయట 12 అయితే దక్షత 83 శాతం, అది మంచి స్విచ్చింగ్ బోర్డుకు ఏమంత తీసిపోదు. అయితే దానికి పైన దాదాపు రెండు వోల్టుల మిగులు ఎప్పుడూ కావాలి కాబట్టి, బ్యాటరీ 14 వోల్టులకు దిగేసరికి 12 నిలబడదు. నాలుగు సెల్స్‌లో ఇంకా చాలా శక్తి మిగిలి ఉండగానే రౌటర్‌కు అందే వోల్టేజీ తగ్గడం మొదలవుతుంది.

బక్ రెగ్యులేటర్: మనలో ఎక్కువమందికి సరైన ఎంపిక

స్విచ్చింగ్ రెగ్యులేటర్ మిగులు వోల్టేజీని వేడిగా తగలబెట్టదు. సెకనుకు లక్షలసార్లు స్విచ్‌ను తెరిచి మూస్తూ, కాయిల్‌లో శక్తిని నిల్వచేసి విడుదల చేస్తూ, సగటు వోల్టేజీని కావలసినంతకు దించుతుంది. ఇలా దించేదానిని బక్ రెగ్యులేటర్ అంటారు. దీనిలో బయటికి ఒక ఆంపియర్ వెళ్తున్నా బ్యాటరీ నుంచి దానికంటే తక్కువే తీసుకుంటుంది. 14.4 వోల్టుల నుంచి 5 వోల్టులకు దించేటప్పుడు అర ఆంపియర్ లోపే సరిపోతుంది.

వంద రూపాయల లోపు దొరికే బోర్డుల్లో ఎల్‌ఎమ్ 2596 చాలా ప్రసిద్ధమైనది. అసలు చిప్ 40 వోల్టుల వరకు తీసుకొని, 150 కిలోహెర్ట్జ్ వేగంతో స్విచ్ చేస్తూ, మూడు ఆంపియర్ల వరకు ఇవ్వగలదు. 12 నుంచి 5 వోల్టులకు దించేటప్పుడు దాని దక్షత 80 శాతం అటూ ఇటూ ఉంటుంది, 12 వోల్టుల దగ్గర 90 దాకా వెళ్తుంది. దీనిలో రెండు లోపాలున్నాయి. ఒకటి, లోపలి స్విచ్ పాత తరహా ట్రాన్సిస్టర్ కావడం వల్ల దాని మీద దాదాపు ఒక వోల్టు పోతుంది, కరెంటు తిరిగి వచ్చే డయోడు (కరెంటును ఒకవైపే పోనిచ్చే భాగం) మీద మరో అర వోల్టు పోతుంది. అందువల్ల బయటి వోల్టేజీ తగ్గేకొద్దీ దక్షత కూడా తగ్గుతుంది. 3.3 వోల్టుల దగ్గర 70 శాతం పైన కాస్త మిగిలితే గొప్ప. రెండు, చాలా చౌక బోర్డుల మీద ఉండేది అసలు చిప్ కాదు. అదే పేరు ముద్రించి, 50 కిలోహెర్ట్జ్ దగ్గర నడిచే నాసిరకం చిప్ ఉంటుంది. ఆ వేగానికి అవసరమైనంత పెద్ద కాయిల్ బోర్డు మీద ఉండదు కాబట్టి, కరెంటు పెరిగేసరికి కాయిల్ నిండిపోయి చిప్ కాలుతుంది.

ఓసిల్లోస్కోప్ (స్విచ్ చేసే వేగాన్ని తెర మీద చూపే పరికరం) లేనివారు దీనిని కనిపెట్టడానికి ఒక మార్గముంది. మోటారు సైకిల్ ఇండికేటర్‌లో వాడే 12 వోల్టుల, 10 వాట్ల బల్బు దాదాపు 0.83 ఆంపియర్లు తీసుకుంటుంది. అటువంటివి రెండు పక్కపక్కన కలిపి బోర్డుకు తగిలించి, బయట 12 వోల్టులకు అమర్చి, అరగంట వెలగనివ్వండి. మల్టీమీటరుతో లోపలి వోల్టేజీ, లోపలి కరెంటు, బయటి వోల్టేజీ, బయటి కరెంటు అనే నాలుగు కొలతలు తీసుకొని, బయటి రెండింటి లబ్ధాన్ని లోపలి రెండింటి లబ్ధంతో భాగిస్తే మీ బోర్డు దక్షత ఎంతో మీకే తెలుస్తుంది. ఈ పరీక్షలో చిప్ మీద వేలు ఒక్క క్షణం కూడా నిలవలేకపోతే ఆ బోర్డును ఒక ఆంపియర్ పైన వాడవద్దు. మంచి బోర్డునైనా రోజువారీ వాడకంలో హీట్ సింక్ లేకుండా ఒకటిన్నర ఆంపియర్ దాటించకపోవడమే మేలు. చల్లగా ఉన్న బల్బు తీగ మొదటి క్షణంలో చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి బల్బు వెలగడంలో చిన్న తడబాటు కనిపిస్తే కంగారు పడనక్కరలేదు.

ఎక్కువ కరెంటు కావలసినవారు ఐదు ఆంపియర్ల ఎక్స్‌ఎల్ 4015 బోర్డు చూడవచ్చు. దీనిలో కరెంటు హద్దును కూడా అమర్చుకునే రకం దొరుకుతుంది, మరమ్మతు బల్లకు అది చాలా ఉపయోగకరం. తెలియని బోర్డుకు మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు హద్దును వంద మిల్లీ ఆంపియర్లకు దించి ఉంచితే, లోపల షార్ట్ ఉన్నా ఏమీ తగలబడదు. స్థలం తక్కువగా ఉన్నవారికి ఎమ్‌పీ 1584 అనే గోరంత బోర్డు ఉంది. దాని స్విచ్ కొత్త తరహాది, ఖాళీగా ఉన్నప్పుడు చిప్ తినే కరెంటు అతి తక్కువ. అయితే అంత చిన్న బోర్డుకు వేడి బయటికి పంపే చోటు ఉండదు, పైగా లోపలికి 28 వోల్టులు మించకూడదు. డయోడు స్థానంలో కూడా ట్రాన్సిస్టర్ స్విచ్ ఉండే సింక్రనస్ రకాలు 90 శాతం పైన దక్షతతో నడుస్తాయి. 3.3, 5 వోల్టుల పనులు ఎక్కువగా ఉన్నవారు కొంచెం ధర పెట్టి వాటినే తీసుకోవాలి. అసలు 5 వోల్టుల పైన అవసరమే లేనివారు రెండు సెల్స్‌తో ఆగిపోవచ్చు. మురాటా కంపెనీ ఓకేఆర్-టీ 10 మాడ్యూలు 4.5 నుంచి 14 వోల్టుల వరకు తీసుకొని, 0.6 నుంచి 6 వోల్టుల వరకు, పది ఆంపియర్ల దాకా ఇస్తుంది. ఇళ్లలో అంత కరెంటు అవసరం అరుదే.

పెంచేవి, పెంచి తగ్గించేవి

ఒకే సెల్‌తో పని జరగాలనుకునేవారిని ఆకర్షించేది వోల్టేజీని పెంచే బూస్ట్ రెగ్యులేటర్. ఎమ్‌టీ 3608 బోర్డు 2 వోల్టుల నుంచి పనిచేసి 28 వోల్టుల వరకు పెంచగలదు, చూడటానికి రూపాయి బిళ్లంతే ఉంటుంది. దీనిని వాడే ముందు మూడు విషయాలు ఆలోచించాలి. బోర్డు మీద రాసిన నాలుగు ఆంపియర్లు లోపలి స్విచ్ తట్టుకునే హద్దు మాత్రమే, బయటికి వచ్చేది కాదు. 12 వోల్టుల దగ్గర ఒక ఆంపియర్ కావాలంటే బయట 12 వాట్లు, 85 శాతం దక్షతతో లోపల 14 వాట్లు కావాలి. సెల్ 3.2 వోల్టులకు దిగినప్పుడు అది 4.4 ఆంపియర్లు అవుతుంది, అంటే ఆ బోర్డు హద్దు దాటిపోయింది. రెండవది, బూస్ట్ రెగ్యులేటర్ బ్యాటరీ కంటే తక్కువ వోల్టేజీ ఇవ్వలేదు కనుక మూడు వోల్టుల రేడియోను నడపలేదు. మూడవది అన్నిటికంటే ప్రమాదకరమైనది. బ్యాటరీ నుంచి బయటి తీగ వరకు కాయిల్, డయోడు మీదుగా నేరుగా దారి ఉంటుంది, చిప్ ఆగిపోయినా ఆ దారి మూసుకోదు. బయట షార్ట్ అయితే బ్యాటరీయే షార్ట్ అయినట్టు. ఫ్యూజు లేని బూస్ట్ పెట్టెను పిల్లలున్న ఇంట్లో ఉంచకండి.

దీనికి ఒక సౌకర్యం లేకపోలేదు. ఒకే వోల్టేజీ సెల్స్‌ను సమాంతరంగా కలిపితే టీపీ 4056 అనే చౌక బోర్డుతో, ఫోను ఛార్జర్‌తోనే ఛార్జింగ్ పెట్టుకోవచ్చు. అది ఒక ఆంపియర్ మాత్రమే ఇస్తుంది కాబట్టి నాలుగు సెల్స్ నిండడానికి పది గంటలు పైనే పడుతుంది. ఎల్‌ఈడీ దీపం, 5 వోల్టుల దగ్గర ఫోను నెమ్మదిగా ఛార్జింగ్ అన్న రెండు పనులే ఉన్నవారికి ఈ అమరిక చాలు.

పెంచడం, తగ్గించడం రెండూ చేసేవాటిలో ఎక్స్‌ఎల్ 6009 చిప్‌తో రెండు కాయిల్స్ ఉన్న బోర్డు చౌకగా దొరుకుతుంది. స్ప్రేయర్ సీసం బ్యాటరీ నుంచి స్థిరమైన 12 వోల్టులు కావలసినవారికి ఇది పనికివస్తుంది. శక్తి రెండు కాయిల్స్ గుండా సాగడం వల్ల నష్టం ఎక్కువ. ఒక ఆంపియర్ దాటని పనులకే దీనిని పరిమితం చేయాలి. నాలుగు స్విచ్‌లతో నడిచే సింక్రనస్ రకాలు 95 శాతం దాకా దక్షత చూపుతాయి, ధర కూడా అలాగే ఉంటుంది. రోజూ పది గంటలు నడిచే పనికి ఆ ధర గిట్టుబాటు అవుతుంది, వారానికి ఒకసారి తీసే పెట్టెకు కాదు.

నాబ్ ఎక్కడ పెట్టాలి

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, నేను ఎక్కువగా నష్టపోయింది ఇక్కడే. బోర్డు మీద ఉన్న స్క్రూడ్రైవర్‌తో తిప్పి విలువ మార్చే చిన్న రెసిస్టర్, అంటే ప్రీసెట్‌ను తీసి, ఆ స్థానంలో పెట్టె ముందు భాగానికి తీగలతో నాబ్‌తో తిప్పే రెసిస్టర్ అయిన పొటెన్షియోమీటర్ బిగించడం అందరూ చేసే పని. ఎల్‌ఎమ్ 2596 బోర్డుల్లో ఆ ప్రీసెట్ బయటి వోల్టేజీకీ, చిప్ పరిశీలించే కాలుకీ మధ్య ఉంటుంది. దుమ్ము పట్టి లోపలి మీట క్షణంసేపు ఎడమైనా, తీగ టంకం ఊడినా, చిప్ తన దగ్గరికి వోల్టేజీ రావడం లేదనుకొని పూర్తి బ్యాటరీ వోల్టేజీని బయటికి వదిలేస్తుంది. నా మొదటి పెట్టెలో అలాగే జరిగి, ఆరు వోల్టుల రేడియో ఒకటి పదహారు వోల్టులకు బలైపోయింది. అది మరమ్మతుకు ఇచ్చిన పెద్దాయనది. కొత్తది కొనిచ్చాను గాని, ఆయనకు కావలసింది ఆ పాతదే.

దీనికి విరుగుడు సులభం. బయటి వోల్టేజీకీ, ఆ కాలుకీ మధ్య ఉండే పై రెసిస్టర్‌ను మార్చకుండా స్థిరంగా టంకం వేసి, ఆ కాలుకీ, గ్రౌండుకీ మధ్య ఉండే కింది రెసిస్టర్‌ను రోటరీ స్విచ్‌తో మార్చాలి. అప్పుడు స్విచ్ మధ్యలో ఎక్కడ తెగిపోయినా వోల్టేజీ పెరగకుండా 1.23 వోల్టులకు పడిపోతుంది. పైన 3.3 కిలో ఓంలు ఉంచితే, కింద 3.3 వోల్టులకు 1.96 కిలో ఓంలు, 5 వోల్టులకు 1.08 కిలో ఓంలు, 9 వోల్టులకు 522 ఓంలు, 12 వోల్టులకు 377 ఓంలు కావాలి. ఈ విలువలు ఒకే రెసిస్టర్‌లో దొరకవు, రెండింటిని కలిపి సరిచూసుకోవాలి. నిరంతరం తిరిగే నాబ్ చూడటానికి బాగుంటుంది గాని, చేయి తగిలితే వోల్టేజీ మారిపోతుంది. నిర్ణీత వోల్టేజీలకు క్లిక్‌మని ఆగే రోటరీ స్విచ్ ఇంటి వాడకానికి ఎంతో భద్రం. మరమ్మతు బల్ల మీద మాత్రం నాబ్ కావాలి, దాని పక్కన వోల్టేజీ చూపే చిన్న మీటరు కూడా తప్పనిసరి.

రేడియో వినేవారికి

స్విచ్చింగ్ రెగ్యులేటర్ గోల చేస్తుంది. చెవికి వినిపించదు, రేడియోకు వినిపిస్తుంది. ఎల్‌ఎమ్ 2596 స్విచ్ చేసే వేగం 150 కిలోహెర్ట్జ్, దాని ఆరో గుణిజం సరిగ్గా 900 కిలోహెర్ట్జ్. కడప ఆకాశవాణి మీడియం వేవ్ కార్యక్రమాలు వచ్చేది ఆ 900 కిలోహెర్ట్జ్ మీదే. చిప్ వేగం అటూ ఇటూ జారుతుంది కాబట్టి ప్రతి బోర్డూ ఆ స్టేషన్ మీదే కూర్చుంటుందని కాదు, కానీ కూర్చున్నప్పుడు వార్తల వెనుక ఈల వినిపిస్తుంది. దీనికి నేను వాడే పద్ధతి రెండింటినీ జత చేయడం. బక్ బోర్డును 11.5 వోల్టులకు అమర్చి, దాని తరువాత ఎల్‌ఎమ్ 317తో 9 వోల్టులకు దించితే, వంద మిల్లీ ఆంపియర్ల రేడియోకు లీనియర్ మీద పోయేది పావు వాట్ మాత్రమే. తీగల ద్వారా వచ్చే గోలలో చాలా భాగం అక్కడే ఆగిపోతుంది. కాయిల్ నుంచి గాలిలో వచ్చేది మిగులుతుంది కనుక పెట్టెను రేడియోకు దూరంగా ఉంచాలి. పెట్టె లోహపుదైతే ఇంకా మంచిది.

సెల్స్ విషయంలో రాజీ వద్దు

పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల నుంచి తీసిన సెల్స్‌తో మొదలుపెట్టేవారు చాలామంది. తప్పేమీ లేదు, కానీ 2 వోల్టుల కిందికి పడిపోయిన సెల్‌ను మళ్లీ బతికించాలని చూడకండి. ఒకే రకం, ఒకే సామర్థ్యం ఉన్న సెల్స్‌ను మాత్రమే వరుసలో కలపాలి. నాలుగు సెల్స్ వరుసకు ప్రతి సెల్‌ను విడిగా కనిపెట్టే రక్షణ బోర్డు, 16.8 వోల్టుల లిథియం ఛార్జర్, బ్యాటరీ కొసను అంటిపెట్టుకొని ఐదు ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. సెల్ మీద నేరుగా టంకం వేస్తే లోపలి పొర దెబ్బతింటుంది. స్పాట్ వెల్డింగ్‌తో నికెల్ పట్టీ వేయించాలి, లేదా సెల్ హోల్డర్ వాడాలి. లిథియం సెల్‌ను 45 డిగ్రీల పైన ఛార్జింగ్ పెట్టకూడదన్న నియమం మన వేసవిలో పట్టపగలే మీరిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి మే నెలలో ఛార్జింగ్ రాత్రిపూట, ఇంట్లో చల్లని బండల మీద, మీరు మెలకువగా ఉన్నప్పుడు పెట్టండి.

పెట్టెను చేలో, రేకుల కింద ఎక్కువగా ఉంచేవారికి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ మేలు. అవి వేడిని బాగా ఓర్చుకుంటాయి, మంట పట్టే అవకాశం తక్కువ, ఎక్కువసార్లు ఛార్జింగ్‌ను తట్టుకుంటాయి. ఒక్కో సెల్ 3.2 వోల్టులే కనుక నాలుగింటితో 12.8 వస్తుంది, 12 వోల్టుల పని అంచు మీద నడుస్తుంది. 5, 9 వోల్టులతో సరిపెట్టుకునేవారికి అది అడ్డంకి కాదు. ఈ సెల్స్‌కు ఛార్జర్, రక్షణ బోర్డు వేరు. సాధారణ లిథియం ఛార్జర్ దీనికి పెట్టకూడదు.

ఇంకొక జాగ్రత్త ఖాళీగా ఉన్నప్పటి ఖర్చు. ఎల్‌ఎమ్ 2596 ఏ పనీ చేయకపోయినా ఐదు మిల్లీ ఆంపియర్లు తింటుంది, బోర్డు మీది ఎర్ర దీపం మరికొంత తింటుంది. స్విచ్ లేకుండా వదిలేస్తే 2600 మిల్లీ ఆంపియర్ అవర్ సెల్స్ రెండు మూడు వారాల్లో అడుగంటుతాయి. బ్యాటరీకీ రెగ్యులేటర్‌కూ మధ్య మంచి స్విచ్ ఒకటి తప్పదు. కెపాసిటర్ల విషయానికి వస్తే 105 డిగ్రీల రకాన్నే వాడండి. పది డిగ్రీల వేడి పెరిగినప్పుడల్లా వాటి ఆయుష్షు దాదాపు సగమవుతుంది.

నన్ను అడిగితే

రౌటర్, ఫోను, దీపం మూడింటికీ కలిపి ఒకే పెట్టె కావాలంటే నాలుగు 18650 సెల్స్ వరుస, రక్షణ బోర్డు, ఒక బక్ బోర్డు, 3.3, 5, 9, 12 వోల్టులకు ఆగే రోటరీ స్విచ్ తీసుకోమంటాను. 12 వోల్టుల దగ్గర 0.6 ఆంపియర్లు తీసుకునే రౌటర్ దీనితో నాలుగు గంటలు నడుస్తుంది. సెల్ ఒక్కోటి 3.3 వోల్టులకు దిగేవరకు 12 నిలబడుతుంది, అప్పటికే వాటి శక్తిలో చాలా భాగం వాడుకొని ఉంటాం. ఇంట్లో స్ప్రేయర్ బ్యాటరీ ఉండి 5, 6, 9 వోల్టులు చాలనుకునే రైతు కొత్త సెల్స్ కొనవద్దు, బక్ బోర్డు, ఫ్యూజు, స్విచ్ కొంటే చాలు. మరమ్మతు బల్ల మీదికి కరెంటు హద్దు ఉన్న ఎక్స్‌ఎల్ 4015 ఒకటి, దాని పక్కనే నిశ్శబ్దమైన పనుల కోసం హీట్ సింక్ బిగించిన ఎల్‌ఎమ్ 317 ఒకటి, రెండూ ఉండాలి. పాలిటెక్నిక్‌లో చదువుతూ నేర్చుకోవడానికి కట్టే విద్యార్థి మాత్రం మొదట ఎల్‌ఎమ్ 317తో కట్టి, దాని వేడిని తన చేత్తో తెలుసుకొని, అవే సెల్స్‌కు బక్ బోర్డు తగిలించి, రెండూ ఎన్ని గంటలు నడిచాయో నోటుపుస్తకంలో పక్కపక్కన రాసుకోవాలి.